పున్నమి పోటున మా ద్వీపయాత్ర

మా ఆవిడని నేను ఓడ ఎక్కించి ద్వీపానికి తీసుకెళ్లాను. నాలుగు గంటలు నీళ్ల మీదే ప్రయాణం. దిగాక ఎటు చూసినా సముద్రం, మధ్యలో తెల్లటి ఇసుక, ఆ ఇసుకలో మేమిద్దరం. గుడివాడలో నేను ఈ మాట చెప్పని టీకొట్టు లేదు. ఏ ద్వీపమండీ అని ఎవరైనా అడిగితే, ఆ పేరుకి నోరు తిరగదులెండి అని టీ ఊదుకునేవాణ్ణి.

చేతుల్లోకి సెల్‌ఫోన్లు ఇంకా రాని రోజులు. కెమెరాల్లో రీళ్లు వేసుకునే కాలం. మా ఆవిడ అక్కా, ఆవిడ భర్తా, అంటే నా తోడల్లుడు, అండమాన్ వెళ్లొచ్చారు. వచ్చిన వారానికే బందరు నుంచి ఆల్బం చంకన పెట్టుకుని మా ఇంట్లో దిగారు. ప్రతి ఫోటోలోనూ వదినగారు నల్లకళ్లద్దాలతో నవ్వుతోంది. తోడల్లుడు పొట్టి లాగు తొడుక్కుని కొబ్బరిచెట్టుని కౌగిలించుకున్నాడు. అన్నీ చూపించాక వదినగారు మా ఆవిడ భుజం తట్టి, జన్మెత్తాక ఒక్కసారైనా ద్వీపం చూడాలే అంది. మా ఆవిడ ఏదైనా తట్టుకుంటుంది గానీ ఆ తట్టడం తట్టుకోలేకపోయింది.

"మేమూ దసరా సెలవుల్లో ద్వీపం వెళ్తున్నామక్కా" అనేసి నా వంక చూసింది.

ఆ క్షణందాకా నేను దసరాకి మంచం నవారు బిగించుకుందామనుకుంటున్నాను. అయినా టిక్కెట్లు చూస్తున్నానని చెప్పాను. మాట అక్క ముందు పడిపోయింది. ద్వీపం చూడకపోతే మా ఆవిడ బతికినన్నాళ్లూ ఆ ఆల్బం ముందు తలొంచుకోవాల్సిందే.

అండమాన్ నా తరం కాదు. కానీ దేవుడు దివిసీమని నా కోసమే మా జిల్లాలో పెట్టాడు. కృష్ణ రెండు పాయలై అటూ ఇటూ, కిందంతా సముద్రం. భూగోళశాస్త్రం ప్రకారం నికార్సయిన ద్వీపం. రోజూ అన్నాల దగ్గర ప్రోగ్రాం చెప్పేవాణ్ణి. పొద్దున్నే ఓడ ప్రయాణం, పదింటికి సముద్రస్నానం, భోజనాలయ్యాక మడ అడవులు, చివర్న సముద్రంలో సూర్యాస్తమయం. సూర్యుడు నీళ్లలోనే మునుగుతాడా అని మా ఆవిడ అడిగితే, మునక్క ఏం చేస్తాడన్నాను. మనది తూర్పు తీరమనీ, ఆయన మునిగేది రేపల్లె వైపు వరిచేలల్లోననీ నాకు తర్వాతెప్పుడో తట్టింది.

దసరా వెళ్లిన ఐదో రోజున, సెలవుల చివర్న బయల్దేరాం. పులిగడ్డ దగ్గర బస్సు కృష్ణ పాయ దాటాక, పక్క సీట్లో పెద్దావిడ మమ్మల్నీ, మా సంచుల్నీ, ఎరువు తెచ్చిన కెమెరానీ ఎగాదిగా చూసి ఎక్కడికని అడిగింది. దీవికండీ అన్నాను గంభీరంగా. వచ్చేశారుగా, దీవిలోనే ఉన్నారుగా అందావిడ. మా ఆవిడ కిటికీలోంచి తొంగిచూసింది. వరిచేను. గట్టు మీద గేదె. అచ్చం మా వీధి చివర గేదెలాగే ఉంది.

"అక్కకి ఈ గేదెని చూపించమంటారా?" అంది మెల్లగా.

ఇది వాకిలేనే, అసలు ద్వీపం లోపలుందని నచ్చజెప్పి, నాగాయలంక దాటించి, దిగువన ఒక రేవుకి చేర్చాను. అక్కణ్ణించి ఏరు దాటితే ఒక లంక. లంక అవతలి కొసన సముద్రం. రేవులో పంటు ఉంది. రెండు పడవల మీద బల్లలు పరిచి బిగిస్తే అదే పంటు. దాని మీద, దాన్ని నడిపే సరంగు కూర్చుని ఉన్నాడు, తలకి తువ్వాలు గట్టిగా బిగించి, కళ్లు సగం మూసుకుని. ఎప్పుడు కదులుతుందని అడిగాను.

"పోటు బాగా ఎక్కువగా ఉందండీ. పున్నమి కదా. తగ్గితేగానీ కదల్లేం."

మాది కాలవల దేశం. మా నీళ్లు లాకులు ఎత్తితే వస్తాయి, దించితే ఆగుతాయి. పోటంటే మాకు తలపోటే. పున్నమికీ అమావాస్యకీ తల పగిలేవాళ్లని నేను మా బంధువుల్లోనే చూశాను. పైగా ఆ తువ్వాలొకటి. జాలేసి, సంచీలోంచి బిళ్ళ తీసి, మరచెంబుతో నీళ్లు కూడా అందించి, వేసుకో, చిటికెలో తగ్గిపోతుందన్నాను. అతను బిళ్ళ వంకా నా వంకా చూశాడు. గంప పక్కన పెట్టుకుని కూర్చున్న చేపలామె అందుకుంది.

"పోటు ఆడికి కాదు బాబుగారూ, కృష్ణమ్మకి. ఆ బిళ్ళేదో ఏట్లో వెయ్యండి."

సముద్రం పొంగి ఏట్లోకి ఎగదన్నుతోందట. అదీ పోటంటే. రేవంతా నవ్వింది. అందరికంటే ముందు మా ఆవిడ నవ్వింది. సరంగు మాత్రం మర్యాదస్తుడు. మోకాళ్ల నొప్పులకి పనికొస్తుందా అని అడిగి బిళ్ళ జేబులో వేసుకున్నాడు.

ఇక దాచను. ఓడంటే ఆ పంటే. నాలుగు గంటలంటే కృష్ణమ్మకి పోటు తగ్గేదాకా రేవులో కూర్చున్న సేపు. దాటడానికి పట్టింది చుట్ట కాలేంత సేపే. ఇసుక తెల్లన కూడా కాదు, మన బెల్లం రంగు. కానీ ఆ ఇసుకలో ఎర్రటి పీతలు మందలు మందలుగా పరిగెత్తడం, అడుగు చప్పుడుకి అన్నీ ఒక్కసారిగా బొరియల్లో దూరడం, మా ఆవిడ చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని మోకాటి లోతు అలల్లో నిలబడి చిన్నపిల్లలా కేకలెయ్యడం, ఇందులో నేను కల్పించింది ఆవగింజంత లేదు. ఫోటో ఉంది. కాస్త వాలుగా వచ్చింది, ఆ గాలికి చెయ్యి నిలవొద్దూ. నేను అందులో కనపడను. తీసేవాడు ఫోటోలో ఎలా ఉంటాడు? ఆ ఫోటో చూశాక వదినగారు మా ఇంట్లో మళ్లీ అండమాన్ పేరెత్తలేదు.

ఇంతవరకూ రాసి మొన్న మా ఆవిడకి చదివి వినిపించాను. గోరుచిక్కుళ్లు తుంచుకుంటూ విని, చివర్న తలెత్తింది.

"పంటు మీద ఒక కాలు పెట్టి, అది ఊగేసరికి వెనక్కి దిగిపోయారు. సంచులు కాస్తానని రేవులోనే కూర్చున్నారు. దాటింది నేను, ఫోటో తీసింది చేపలామె. ఫోటో చూపించిన నాడే అక్కకి ఇదంతా చెప్పాను."