వేలెడంత గొట్టం

మా ఆయన మోటారు మెకానిక్. కాలిపోయిన నీళ్ళ మోటార్లకు కొత్త రాగితీగ చుట్టి మళ్ళీ తిరిగేలా చేసేవారు. రాజోలు నుంచి మలికిపురం వెళ్ళే రోడ్డు మీద మా ఇంటి ముందు గదే ఆయన షాపు. కొబ్బరితోటల వాళ్ళూ రొయ్యల చెరువుల వాళ్ళూ అక్కడికే తెచ్చేవారు. తీగ చుట్టేటప్పుడు ఆయన మాట్లాడేవారు కాదు. పెదవులు మాత్రం కదిలేవి, చుట్లు లెక్కపెట్టుకుంటూ. నేను కాఫీ తెచ్చి పక్కన పెడితే ఆ వరస పూర్తయ్యాకే తల ఎత్తేవారు. ఏళ్ళ తరబడి తీగ ఒరుసుకుని కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ నున్నగా అయిపోయాయి.

ఒక ఏడాది దాళ్వా, అంటే రెండో పంట, కోతలయ్యాక మా ఊరికి సర్వే వాళ్ళు వచ్చారు. నేల అడుగున గ్యాసు ఉందేమో చూస్తారట. చేలల్లో వరసగా సన్నటి బోర్లు వేసి, అడుగుకు మందు దించి, పైనుంచి వైర్లు కలిపి పేలుస్తారు. ఊళ్ళో అందరూ దాన్ని బాంబుల సర్వే అన్నారు. ఊరి చివర ఒక డాబా అద్దెకు తీసుకుని క్యాంపు పెట్టారు. వంటకి మనిషి కావాలంటే నేను చేరాను.

పేలినప్పుడు పెద్ద చప్పుడేమీ ఉండేది కాదు. అరికాళ్ళ కింద ఎవరో ఒక్క తాపు తన్నినట్టుండేది, అంతే. గిన్నెల మీద మూతలు గలగలమనేవి. గాలి లేకుండానే కొబ్బరాకులు వణికేవి. బోరు నోట్లోంచి బురదనీళ్ళు మనిషెత్తు లేచి పడేవి. మొదటి రెండు రోజులూ భయపడ్డాను. తర్వాత పప్పు ఉడుకుతుంటే ఆ సమయానికి మూత చేత్తో పట్టుకోవడం అలవాటైపోయింది.

పేల్చాక మిగిలిన వైరు ముక్కలు చేలల్లో పడి ఉండేవి. ఎర్రవి, పచ్చవి, గట్టిగా ఉండేవి. పాదులకు కట్టడానికీ బట్టలు ఆరేసుకోవడానికీ ఆడవాళ్ళం ఏరుకొచ్చుకునేవాళ్ళం. క్యాంపు వెనక కూడా ఆ వైరు కుప్పగా పడి ఉండేది. ఒకరోజు మధ్యాహ్నం గిన్నెలు కడిగేశాక, అందులోంచి తీసుకోవచ్చా అని అక్కడి పనివాణ్ణి సైగ చేసి అడిగాను. అతనికి తెలుగు రాదు. కుప్ప వైపు చూసి తల ఊపాడు. ఒక చుట్ట తెచ్చుకున్నాను. అందులో ఒక వైరు కొసన వేలెడంత తెల్లటి గొట్టం ఉంది. పెన్నులో రీఫిల్ కంటే కాస్త లావు. దేనికో తగిలించే కొస కాబోలు అనుకున్నాను.

ఆయన ఆ చుట్ట చూసి సంతోషించారు. లోపల మంచి తీగ ఉంటుందన్నారు. గొట్టం ఉన్న వైరును విడదీసి, ఇదేమిటని నన్ను అడిగారు. తెలియదు, కుప్పలో ఉంది, తెచ్చాను అన్నాను. ఏ వస్తువు చేతికి వచ్చినా లోపల తీగ తెగిందో బాగుందో కరెంటు పెట్టి చూడడం ఆయనకు అలవాటు. సాయంత్రం నాలుగవుతోంది. నేను పాలు పొయ్యి మీద పెట్టడానికి లోపలికి వెళ్ళాను.

దీపావళి మందుల చప్పుడు నేను చిన్నప్పటి నుంచీ విన్నదే. ఇది అలా లేదు. చెవి పక్కన ఎండుకర్ర ఫట్టున విరిచినట్టు, మొదలూ తుదీ ఒకటే. పొగ కూడా పెద్దగా లేదు.

నేను వెళ్ళేసరికి ఆయన నిలబడే ఉన్నారు. కుడిచేతి మణికట్టును ఎడమచేత్తో పట్టుకుని బల్ల వైపు చూస్తున్నారు. బల్ల మీద పరిచిన రేకుకు సూదులతో పొడిచినట్టు చిల్లులు. కింద చెక్క నిలువునా చీలింది. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు లేవు. కుడికంట్లోంచి రక్తం చెంప మీదికి కారుతోంది.

"మెయిన్ ఆపవే," అన్నారు. "వైర్లు పైకి తేలున్నాయి, నువ్వు ముట్టుకోకు."

అమలాపురం తీసుకెళితే అక్కడి నుంచి కాకినాడ పంపించారు. ఆపరేషన్ చేసిన డాక్టరుగారు నన్ను బయటకు పిలిచి నెమ్మదిగా చెప్పారు.

"దీపావళికి చేతులు కాలినవాళ్ళు చాలామంది వస్తారమ్మా. కాలింది మానుతుంది, కొత్త చర్మం వస్తుంది. ఇది కాలింది కాదు, పగిలింది. ఎముక పొడైపోయింది. అతకాలంటే ముక్కైనా ఉండాలి కదా."

కన్ను కూడా రాదన్నారు. ఆ గొట్టం పేరు డిటొనేటర్ అనీ, బోరు అడుగున ఉన్న పెద్ద మందును లేపేది అదేననీ ఆ డాక్టరుగారు చెబితేనే నాకు తెలిసింది. వాళ్ళు నేలలో అంత లోతున పెట్టి పేల్చేదాన్ని నేను కొంగులో చుట్టుకుని ఇంటికి తెచ్చాను.

మర్నాడు మా పెదమావగారు వచ్చారు. మా మావగారికి అన్నగారు. మా ఇంట్లో ఏ మాటైనా ఆయనే చెప్పాలి. నేను జరిగినదంతా చెప్పాను. ఆయన నన్ను ఆసుపత్రి వరండా చివరకు తీసుకెళ్ళి చుట్టూ చూసి మాట్లాడారు.

"క్యాంపులోంచి తెచ్చేనని నువ్వు చెప్పేవనుకో, దొంగతనం అంటారమ్మా. నిన్ను లోపలేస్తే వీణ్ణెవరు చూస్తారు? గట్టు మీద దొరికిందని చెప్పు. అంతటితో పోద్ది."

పోలీసులు వచ్చినప్పుడు నేను అలాగే చెప్పాను. కాలవగట్టు మీద ఆయనకు దొరికిందండీ అన్నాను. మంచం మీదనుంచి ఆయన మిగిలిన కంటితో నన్ను చూశారు. తర్వాత వాళ్ళు ఆయన్నీ అడిగారు.

"ఆయ్, గట్టు మీదేనండీ," అన్నారు.

మూడు వారాలకు ఇంటికి వచ్చేసరికి క్యాంపు లేదు. డాబాకు తాళం వేసి ఉంది. ముమ్మిడివరం వైపు వెళ్ళారని డాబా ఆసామి చెప్పారు. తమ సరుకంతా లెక్కకు సరిపోయిందనీ ఒక్కటి కూడా తగ్గలేదనీ సర్వే వాళ్ళు పోలీసులకు కాగితం రాసిచ్చారట. అనుమతి లేకుండా పేలుడు పదార్థం దగ్గర ఉంచుకున్నారని ఆయన మీదే కేసయింది. నేను వకీలు దగ్గరకు పరిగెత్తి నిజం చెప్పాను. అప్పుడు అబద్ధం చెప్పానంటున్నారు, ఇప్పుడు చెప్పేది నిజమని ఎవరు నమ్ముతారమ్మా అన్నారాయన.

ఆయన మళ్ళీ పని చేయాలని చూశారు. తెలిసిన రైతు ఒకాయన చిన్న మోటారు ఇచ్చి వెళ్ళారు. ఎడమచేత్తో చుడుతూ, కుడిచేతి మిగిలిన రెండు వేళ్ళతో తీగ అదిమిపెట్టేవారు. ఎనిమిది రోజులు కూర్చున్నారు. వరస జారిపోయేది. విప్పి మళ్ళీ మొదలుపెట్టేవారు. పక్కన కూర్చుని తీగ పట్టుకుంటానంటే వద్దన్నారు. తొమ్మిదో రోజు ఆ రైతు వచ్చి, చేనుకు నీళ్ళు అందడం లేదండీ, ఏమీ అనుకోకండి అంటూ మోటారు అలాగే తీసుకెళ్ళిపోయారు. మా ఆయన రోడ్డు దాకా వెళ్ళి సైకిలు వెనక కట్టడానికి సాయం చేసి వచ్చారు. ఆ తర్వాత షాపు తలుపు తీయలేదు.

శుభకార్యాలకు వెళ్ళడం కూడా మానేశారు. ఒకసారి మా ఆడపడుచు ఇంట గృహప్రవేశానికి బలవంతంగా తీసుకెళ్ళాను. విస్తరి ముందు కూర్చున్నారు. వడ్డించడమూ అయింది. పక్కవాళ్ళు తినడం మొదలుపెట్టారు. బంతిలో ఎడమచేత్తో తినలేక ఆయన చెయ్యి ఒడిలోనే పెట్టుకుని కాసేపు కూర్చుని, ఒంట్లో బాగాలేదని లేచిపోయారు. చుట్టాలు నన్నే చూశారు. వైరు తెచ్చింది నేనేనని వాళ్ళలో పెదమావగారికి తప్ప ఎవరికీ తెలియదు. ఆ చూపులు మాత్రం అది తెలిసినట్టే అనిపించాయి.

వాయిదాలు ఏళ్ళ తరబడి నడిచాయి. నేను బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం వండుతూ వాయిదా రోజున సెలవు పెట్టుకునేదాన్ని. పోయిన వేసవిలో అమలాపురం కోర్టులో కేసు కొట్టేశారు. ఆ వస్తువు ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ రుజువు చేయలేకపోయారని వకీలుగారు వివరించి, ఇంక నిశ్చింతగా ఉండమన్నారు. కాగితం ప్రకారం మా ఆయన చేతిలో పేలింది ఎక్కడిదీ కాదు.

బస్టాండులో కూర్చున్నప్పుడు అన్నాను.

"ఇప్పుడైనా చెప్పేస్తానండీ. క్యాంపులోంచి నేనే తెచ్చేనని."

"ఎవరికి చెప్తావే?"

ఆ క్యాంపు ఇప్పుడు ఏ రాష్ట్రంలో ఉందో, తల ఊపిన మనిషి పేరేమిటో కూడా నాకు తెలియదు. వాళ్ళు వేసిన బోర్ల మీద ఎన్నిసార్లు దున్నారో.

"ఆ రోజు నేను అబద్ధం చెప్పకుండా ఉంటే..."

"నేనూ చెప్పేను కదా," అన్నారు. "వదిలెయ్."

అది నన్ను ఓదార్చడానికి అన్న మాట కాదు. ఆపమని అన్నారు. నేను ఆపాను. రాజోలు బస్సు వచ్చింది. ఆయన ఎడమచేత్తో కమ్మీ పట్టుకుని ఎక్కి, కిటికీ పక్కన కూర్చున్నారు. నేను ఆయనకు కుడిపక్కన కూర్చున్నాను. ఆ వైపు ఆయనకు కనిపించదు.