దొరసానికి పథ్యం

క్యాంటీన్ మాస్టారి చేతికి ఎముక లేదని ఫ్యాక్టరీలో చెప్పుకునేవాళ్ళు. వద్దన్నవాడి పళ్ళెంలోనే రెండు గరిటెలు ఎక్కువ పడేవి. ఇక నా వల్ల కాదు మాస్టారూ అని లేచిపోతున్నవాణ్ణి భుజం పట్టి మళ్ళీ కూర్చోబెట్టిన రోజులున్నాయి. అలాంటి మనిషి రిటైరై ఇంట్లో కూర్చుంటే ఏమవుతుంది? ఉన్నది తనూ, భార్యా. ఇద్దరికి వండడం ఆయనకి వంటలాగే అనిపించలేదు. పెద్ద గరిటె గోడకి వేలాడుతుంటే చూసి నిట్టూర్చేవారు.

ఊరి చివర ఇంటిని ఆనుకుని కాస్త స్థలం కొన్నది పూలమొక్కల కోసం. అది ఆయన భార్య ముచ్చట. ఇప్పుడు ఆ పూలమడులు ఉండాల్సిన చోట గాడిదల పాక ఉంది. దగ్గర్లోని ఇటుక బట్టీ యజమాని ట్రాక్టరు కొనుక్కుని, ఇన్నాళ్ళూ ఇటుకలు మోసిన గాడిదల్ని అమ్మేస్తున్నాడని తెలిసి, ఊరికే చూసొస్తానని వెళ్ళారు మాస్టారు. డొక్కలు ఎండి, వీపు మీద వెంట్రుకలు రాలిపోయి, రెండంటే రెండు మిగిలున్నాయి. ఆకలిగొన్న ప్రాణి కంటబడ్డాక ఆయన్ని ఆపడం ఎవరి తరం? సాయంత్రానికి రెండూ ఇంటికొచ్చాయి. బావమరిది వచ్చి చూసి, ఇన్నేళ్ళూ గాడిద చాకిరీ చేశావు, ఇప్పుడు గాడిదలకే చాకిరీ మొదలెట్టావా బావా అని పడీ పడీ నవ్వాడు. మాస్టారు నవ్వలేదు. బకెట్టు ముందేసుకుని క్యారెట్లు తరుగుతున్నారు.

ఆడగాడిద ఎవరి మాటా వినదు కాబట్టి దానికి దొరసాని అని పేరు పడింది. మగది దాని వెనకే రెండడుగుల దూరంలో, ఎటు పోతే అటు నడుస్తుంది. అది గుమాస్తా. పాక గడియ పెదవులతో తీసేయడం గుమాస్తాకి వచ్చిన ఏకైక విద్య. తీస్తుంది, కానీ దొరసాని కదిలితే తప్ప గడప దాటదు. పొద్దున్నే ఇద్దరూ కలిసి ఓండ్రపెట్టారంటే వీధి చివరి దాకా ఎవరికీ అలారం అక్కర్లేదు. దుమ్ములో వెల్లకిలా పడి కాళ్ళు నాలుగూ గాల్లోకి ఎత్తి దొర్లుతుంటే మాస్టారు పనులన్నీ మానేసి చూసేవారు. పొడుగాటి చెవుల మొదట్లో గోకితే దొరసాని కళ్ళు అరమోడ్చి గడ్డం ఆయన భుజం మీద ఆనించేది. ఆ బరువు ఆయనకి ఎంత హాయిగా ఉండేదో చెప్పలేం.

చింతలు లేకపోలేదు. గాడిద వెంట్రుక వాననీటిని ఆపదట. తడిస్తే రొంప పట్టుకుంటుంది. అందుకని నాలుగు చినుకులు పడితే చాలు, గొడుగు పట్టుకుని మాస్టారు పరుగు. రోజూ గిట్టల్లో ఇరుక్కున్న రాళ్ళూ బురదా తీయాలి. గుమాస్తా బుద్ధిగా కాలు ఎత్తి ఇస్తుంది. దొరసాని మాత్రం తనకి బుద్ధి పుట్టినప్పుడే ఇస్తుంది.

ఇక తిండి సంగతి అడక్కండి. రొట్టె అంచులు, బిస్కెట్లు, ఆపిల్ ముక్కలు, నానబెట్టిన గింజలు, నవనవలాడే పచ్చగడ్డి. ఎండిన డొక్కలు నిండాయి, ఒళ్ళు నిగనిగలాడింది. దొరసాని మెడ మీద కొవ్వు పేరుకుని జూలు ఒక పక్కకి ఒరిగిపోతే, అది దాని అందమనుకున్నారు మాస్టారు. మరీ ఎక్కువ పెడుతున్నారేమోనండీ అని భార్య ఒకసారి అంది. ఆయన చెవిన వేసుకుంటేగా!

ఒకరోజు పొద్దున్న దొరసాని పాకలోంచి బయటికి రాలేదు. ముందుకాళ్ళు చాపి, ఒళ్ళంతా వెనక్కి వాల్చి, గోడకి కొట్టిన మేకులా నిలబడింది. మొండికేసిందనుకుని మాస్టారు రొట్టె చూపించారు. అది రొట్టె వంక చూసింది, నేల వంక చూసింది. ఒక కాలెత్తి దించింది, ఇంకో కాలెత్తి దించింది. ఆయన వంగి గిట్ట మీద చెయ్యి వేశారు. పొయ్యి మీంచి అప్పుడే దించిన గిన్నెలా ఉంది. రొట్టె అక్కడే పడేసి ఫోనుకి పరుగెత్తారు.

పశువుల డాక్టరమ్మ వచ్చి గిట్టలు నొక్కి చూసింది, మెడ మీది కొవ్వు పట్టి చూసింది. గాడిద వట్టి ఎండుగడ్డితో బతకడానికి పుట్టిన జంతువని, దానికి బలమైన తిండే విషమని, ఆ విషమే గిట్టల్లోకి దిగిందని నెమ్మదిగా చెప్పింది. అలాగని ఒక్కసారిగా కడుపు మాడ్చినా ప్రాణానికి ప్రమాదమేనట. ఎండుగడ్డి, నీళ్ళు, కాళ్ళ కింద మెత్తగా మందంగా రంపపు పొట్టు, తను రాసిచ్చిన మందు. అంతే.

"ఇది ముదిరితే గిట్ట లోపలి ఎముక కిందికి ఒరిగిపోతుందండీ. అప్పుడు దాన్ని నొప్పి తెలీకుండా పంపించెయ్యడం తప్ప నేను చేయగలిగింది ఉండదు," అంది వెళ్తూ వెళ్తూ.

మాస్టారు గట్టిగానే పూనుకున్నారు. రంపపు పొట్టు మోశారు, గిట్టలకి చల్లటి నీళ్ళు పట్టారు. కానీ ఆయన వస్తుంటే దొరసాని చెవులు నిక్కబొడుచుకునేది. ఖాళీ చేతులు మూతితో వెతికి వెతికి మొహం తిప్పుకునేది. ఆయన ప్రాణం చివుక్కుమనేది. పెట్టడానికి ఏమీ లేకపోతే తన దగ్గరికి ఎవరొస్తారు? ఎందుకొస్తారు? ఆ భయం ఆయన కడుపులో ఎన్నాళ్ళ నుంచి ఉందో ఆయనకే తెలీదు. కాస్త తేరుకుంటున్నట్టే ఉంది కదా, ఒక్క ముక్కతో ఏమవుతుందిలే అనుకుని ఒక మధ్యాహ్నం రొట్టె పెట్టారు. ఒక్క ముక్క అనుకున్నది రొట్టంతా అయింది.

మర్నాడు దొరసాని పడుకున్నది లేవలేదు. గుమాస్తా దాని తల దగ్గర నిలబడి గడ్డి ముట్టుకోలేదు. మాస్టారు పక్కనే పొట్టులో కూలబడి, నేనే చంపుకుంటున్నానని ఏడ్చేశారు. భార్య దెప్పలేదు. డాక్టరమ్మకి కబురు పెట్టి వచ్చి, ఆయన పక్కనే కూర్చుంది.

"మీరు పెడితే వద్దనడం ఎవరి వల్లా కాదండీ," అంది. "అది నోరు లేని జీవం. నాకు నోరుండీ అనలేకపోయాను."

ఆయన తలెత్తి చూశారు. తన షుగర్ అదుపులో లేదని, అరికాళ్ళు మంటలని, డాక్టరు రెండేళ్ళ నుంచీ తిడుతూనే ఉన్నాడని ఆమె అప్పుడు చెప్పింది. వద్దంటే ఆయన మొహం చిన్నబోతుంది. అది చూడలేక తింటూ వచ్చిందట. మాస్టారు ఆమె పాదాల వంక చూస్తూ ఉండిపోయారు.

డాక్టరమ్మ వచ్చి చూసి, ఎముక ఇంకా ఒరగలేదంది. దొరసాని బతికింది. మళ్ళీ ఒక్క ముక్క కూడా ఆయన చేతి నుంచి వెళ్ళలేదు. వారాలు గడిచాయి. ఒళ్ళు కాస్త తగ్గింది, గిట్టలు చల్లబడ్డాయి. ఒకరోజు అది తనంతట తనే పాక దాటి, ఆచి తూచి అడుగులేసుకుంటూ వెళ్ళి దుమ్ములో దొర్లింది. వెనకే గుమాస్తా దొర్లింది. భార్యాభర్తలిద్దరూ చూసి, ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు పట్టుకుని, చిన్నపిల్లల్లా నవ్వారు.

ఎప్పటిలాగే ఆ సాయంత్రం వంట మాస్టారిదే. గిన్నెలు బల్ల మీద పెట్టి, ఎప్పుడూ గరిటె పట్టుకుని నిలబడే మనిషి, కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నారు.

"ఏంటండీ, వడ్డించరా?"

"నీకు ఎంత కావాలో నువ్వే పెట్టుకో."

ఆమె కొంచెమే పెట్టుకుంది. ఆయనకి ఆ పళ్ళెం బోసిగా కనిపించింది. ఇంకాస్త అన్న మాట గొంతు దాకా వచ్చింది, నీళ్ళు తాగి మింగేశారు. ఆమె నెమ్మదిగా, కళ్ళు మూసుకుని నమిలింది. పళ్ళెం ఖాళీ అయ్యాక ఆయన వైపు తిరిగింది.

"మీ వంట ఇంత బాగుంటుందని ఇవాళే తెలిసిందండీ. ఇన్నాళ్ళూ రాబోయే గరిటె వంకే చూస్తూ తిన్నాను."

మాస్టారు ఆమె చెయ్యి కడుక్కుని వచ్చేదాకా అక్కడే కూర్చుని, తర్వాత ఇద్దరూ కలిసి గాడిదలకి ఎండుగడ్డి వేసి వచ్చారు.