బీచుపల్లి రేవు ఊడ్చే హక్కు

దసరా మరునాడు పొద్దున ఆరింటికి నాగర్‌కర్నూల్‌లో బస్సెక్కాను. బళ్లో పంతులుగా పనిచేస్తున్న నాకు నాయిన కబురంపాడు: "నాతోని తెడ్డేసే జోడీకి జరమొచ్చింది. జల్ది రా, పుట్టి పందెముంది."

నాయిన బీచుపల్లి దగ్గర కృష్ణలో పుట్టి నడుపుతాడు. బుట్టలా అల్లి తోలు కప్పిన గుండ్రటి పడవే పుట్టి. వరద తగ్గాక రెండు ఒడ్ల పుట్టోళ్లు పందెం పెట్టుకుంటారు. గెలిచిన జోడీకి దక్కేది ఒక్కటే, పందెం మరునాటి నుంచి ఏడాది పొడుగునా రేవు ఊడ్చే హక్కు. తాత కాలం నుంచి అది మా ఇంటిదే. ఈసారి పోతుందేమోనని నాయిన భయం.

ఈ సంగతి చెబితే పక్కన కూర్చున్న పల్లీల వ్యాపారి పగలబడి నవ్వాడు. "ఊడ్చెతందుకు కొట్లాడుతరా సారూ? మా ఇంటికి రమ్మనుండ్రి, పెద్ద వాకిలున్నది!" నాకు ఒళ్లు మండింది. అయినా ఆయనిచ్చిన పల్లీలు తిన్నాను.

తొమ్మిదింటికి వనపర్తిలో ఉప్మా, చాయ. పదకొండింటికి పెబ్బేరు. అక్కడినుంచి ఎడ్లబండి. ఒంటిగంటకు ఏటి ఒడ్డుకు చేరాను. పుట్టిలో నది దాటేసరికి నాయిన ఎదురొచ్చాడు.

మూడింటికి పందెం. అవతలి ఒడ్డు తాకి తిరిగి రావాలి. తెడ్డు పట్టి పదేళ్లయింది. పక్కకు వేశాను. పుట్టి గిర్రున తిరిగింది. ఒడ్డున నవ్వులు.

"ముంగటికెయ్యి, నీళ్లను నీ దిక్కు గుంజు!" నాయిన అరిచాడు. "గిదేనా పిల్లగాండ్లకు నేర్పేది?"

అవతలి ఒడ్డు జోడీ మాకంటే ముందే తాకి మళ్లింది. తిరుగుదారిలో వాళ్లు నేరుగా రేవుకు గురిపెట్టారు. నాయిన మాత్రం ఎగువకు లాగమన్నాడు. దారి పెరుగుతోందని గొణిగాను. "లాగురా, ఏరే తెస్తది" అన్నాడు. నిజమే. వాళ్లను ప్రవాహం రేవు దాటించి దిగువకు లాక్కుపోయింది. మమ్మల్ని తెచ్చి సరిగ్గా మెట్ల దగ్గర పడేసింది.

ఓడిన జోడీలో పెద్దాయన నాయినను కౌగిలించుకున్నాడు. "వచ్చే ఏడు చూస్త మామా." నాయిన ఆయన వీపు తట్టాడు. నాయిన కొడుకునైనందుకు నాకెంత గర్వమనిపించిందో చెప్పలేను.

మర్నాడు పొద్దున తిరుగు ప్రయాణం. మీరెవరైనా అటు పోతే ఒడ్డున విస్తరాకు పారేయకండి, తీసేదాకా పుట్టి ఎక్కనివ్వరు. రేవు ఊడ్చేదాకా మొదటి పుట్టి కూడా కదలదు. అందుకే గద్వాల నుంచి వచ్చిన బండ్లవాళ్లు ఆగి ఉన్నారు. నేను కోటు విప్పి నాయినతో పాటు తుమ్మకంప ఏరి, ఇసుక ఊడుస్తున్నాను.

బండిలోంచి ఒక పెద్దమనిషి దిగాడు. "పంతులు లెక్కున్నవు, నువ్వెందుకు ఊడుస్తున్నవు సారూ? పనోళ్లు లేరా?"

నాయిన నోరు తెరిచేలోగా నేనే చెప్పాను.

"గెలిచినం."