పిన్ని లెక్క తగ్గిన రోజు

మొన్న దిల్‌సుఖ్‌నగర్ వెళ్దామని మెట్రో ఎక్కాను. పక్కన కూర్చున్న కోచింగ్ అమ్మాయి ఫోన్‌లో పాఠం వింటోంది. ఇయర్‌ఫోన్ సరిగ్గా తగిలించుకోలేదేమో, "పాజిట్రాన్" అన్న మాట నా చెవినా పడింది. అంతే, దిగాల్సిన స్టేషన్ దాటిపోయి చివరి స్టేషన్ ఎల్‌బీ నగర్ దాకా వెళ్ళాను. ఆ మాట మా పిన్నిది.

నాకు బ్యాంకు ఉద్యోగం వచ్చిన కొత్తల్లో పిన్నీ నేనూ ఎల్‌బీ నగర్‌లోనే ఒక మేడ మీద కిరాయికుండేవాళ్ళం. అప్పట్లో చుట్టూ ద్రాక్షతోటలు. బస్సు కండక్టరు మా స్టాపుని వేరే ఊరి కింద జమకట్టేవాడు. పిన్ని ఒక పరిశోధనశాలలో పనిచేసేది. వాళ్ళు పెద్ద బెలూన్‌కి పరికరం కట్టి ఆకాశంలోకి వదిలేవారు. అంతరిక్షం నుంచి వచ్చే కణాలు అందులోంచి దూసుకెళ్ళిన దారులు ఫిల్ము మీద సన్నని గీతలుగా పడేవి. పరికరంలోని అయస్కాంతం వల్ల ఎలక్ట్రాన్ గీత ఒకవైపు వంగితే, దాని ప్రతికణమైన పాజిట్రాన్ గీత రెండోవైపు వంగుతుంది. ఆ రెండో రకం గీతల్ని భూతద్దంతో వెతికి లెక్కపెట్టడమే పిన్ని పని. ఇంట్లో బియ్యంలో రాళ్ళు మాత్రం ఆవిడకి కనబడేవి కావు. అవి ఏరడం నా వంతు.

ఏడాది లెక్క దాదాపు పూర్తయింది. ఒక ఆదివారం, ఇంటికి తెచ్చుకున్న ఫొటోలు ముందేసుకుని భోంచేస్తూ, పప్పన్నం కలుపుతున్న చెయ్యి అలాగే ఆపేసింది. "ఇది పైనుంచి రాలేదే, కిందనుంచి పైకి పోయింది!" అంది. పైకి పోయే ఎలక్ట్రాన్, కిందికొచ్చే పాజిట్రాన్‌లాగే వంగుతుందట. పరికరం మధ్యలో ఉన్న సీసపు పలక దాటాక ఊపు తగ్గి గీత ఇంకాస్త వంగుతుంది. పలకకి ఏ పక్కన గీత ఎక్కువ వంగితే కణం ఆ పక్కకి వెళ్ళినట్టు. పల్చటి గీతల దగ్గర పిన్ని అది చూసుకోకుండానే గుర్తులు పెట్టేసింది.

కింద వాటాలో ఉండే మా ఇంటి ఓనరావిడ నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చిన క్రైస్తవురాలు, దవాఖానలో నర్సు. చర్చి నుంచి వస్తూ, మెట్ల మీద కూర్చున్న పిన్ని మొహం చూసి ఆగింది. "ఏందమ్మా, గంత పరేషానున్నవ్?"

"అందరూ నా లెక్క నమ్ముకుని కూర్చున్నారండీ. తప్పని చెబితే ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో."

"నేనొకళ్ళకు తప్పు మందు ఇచ్చిననుకో, ఎవ్వలు చూడలేదని ఊకుంటనా? పోయి చెప్పు."

మర్నాడే చెప్పింది. అక్కడి పెద్దాయన ఆ ఫొటోలు తనూ భూతద్దంతో చూశారట. చివరికి, "మొదటినుంచీ మీరే మళ్ళీ చూడండమ్మా," అన్నారట. ఆ మాటకి పిన్ని బాత్రూంలోకెళ్ళి ఏడ్చిందని నాకు చాన్నాళ్ళకి తెలిసింది.

నాలుగు నెలల తర్వాత ఒక సాయంత్రం, దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు దిగి మరీ కొన్న జాంగ్రీల పొట్లంతో ఇంటికొచ్చింది. "సగానికి సగం తగ్గాయే! మిగిలినవన్నీ నిఖార్సైనవి!"

ఇంటావిడ జాంగ్రీ కొరుకుతూ, "తగ్గితే గూడ మిఠాయి పంచుతరా? గిదేం లెక్క!" అంది. ముగ్గురం కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాం. ఉద్యోగం నిలిచింది, పిన్ని కళ్ళజోడే ఇంకాస్త మందమైంది.

పిన్ని పోయి చాలా కాలమైంది. అప్పటి ఆమె వయసుకి నేనిప్పుడు ఇరవై ఏళ్ళు పెద్దదాన్ని. అయినా తలుచుకుంటే ఆమే పెద్దది, నేనే చిన్నదాన్ని. ఇన్నేళ్ళు గడిచిన కాలం కూడా ఆ ఒక్క తేడాని చెరపలేకపోయింది.