వేలిముద్ర పడని చేతులు

మా వీధిలో మూడు జీడి షెడ్ల తాళాలు వరసగా పగిలాయి. మాది మూడోది. పోయినవన్నీ విరగని మంచి పప్పు డబ్బాలే, ముక్కల జోలికి ఎవడూ పోలేదు. స్టేషనుకు వెళ్తే అక్కడున్న కానిస్టేబులు కుర్చీ వేసి మరీ చెప్పాడు, "అందరూ బందోబస్తుకి ఎల్లిపోనారమ్మా. నానొక్కడినే ఉన్నాను. ఆలొచ్చినాక సూత్తారు." చాన్నాళ్ళకు ఇద్దరు వచ్చి, నేను వేయించుకున్న కొత్త తాళాన్ని ఫొటో తీసుకుని పోయారు. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు అంటారు గానీ, మాకు ఆ మొరుగుడైనా గట్టిగా వినిపించలేదు.

ఇక లాభం లేదని వీధిలోని వర్తకులమంతా కలిసి వైజాగ్ నుంచి ఒక సెక్యూరిటీ కంపెనీని పెట్టుకున్నాం. నీలం యూనిఫారం, విజిలు, గేటుకో మనిషి. అబద్ధమెందుకు, ఆ వారం హాయిగా నిద్రపోయాను.

ఆ తర్వాత వాళ్ళ సూపర్‌వైజర్ వేలిముద్రల మిషను తెచ్చి మా గేటు పక్కన బిగించాడు. లోపలికి వచ్చే ప్రతి మనిషీ వేలు పెట్టాలి. ముద్ర పడనివాళ్ళు లోపలుంటే, ఏది పోయినా కంపెనీకి పూచీ లేదు. "ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా మేడమ్" అని ఇకిలించాడు కూడా. నాకు ఒళ్ళు మండింది. అయినా పోయిన డబ్బాలు గుర్తొచ్చి ఒప్పుకున్నాను.

ఆ పెద్దమనిషికి పలాస జీడి సంగతి తెలీదు. పిక్క కొడితే పెంకులోంచి నూనె చిమ్ముతుంది. బూడిద పూసుకున్నా ఆగదు, చర్మాన్ని తినేస్తుంది. ఏళ్ళ తరబడి పిక్క కొట్టిన వేలి మీద గీతలు మిగలవు. పప్పు మీద తొక్క తీసేవాళ్ళ వేళ్ళను మిషను ఒప్పుకుంది. పిక్క కొట్టేవాళ్ళు ఒకరు చిటికెనవేలితో, ఒకరు ఎడమ బొటనవేలితో ఎలాగో గట్టెక్కారు. ఒకామెకు మాత్రం పది వేళ్ళలో ఒక్కటీ పడలేదు.

ఆమెను నేను అత్తా అని పిలుస్తాను. మా అత్తగారి కాలం నుంచీ మా దగ్గరే పని. ఇప్పుడు నా తల నెరిసినా ఆమెకు నేను కోడలమ్మనే. అక్కుపల్లి నుంచి ఆటోలో వస్తుంది. సముద్రం మీద చేపల వేట సరిగ్గా సాగని ఆ ఇంటికి ఈ పనే అన్నం పెడుతోంది. ఆ రోజు గార్డు ఆమెను గేటు దగ్గరే ఆపేసి, "చేతులు శుభ్రంగా కడుక్కుని రేపు రా" అని పంపేశాడు.

మర్నాడు పొద్దున్నే వచ్చింది. కిరసనాయిలు పోసుకుని ఇటుక ముక్కతో తోముకుందట. వేళ్ళ చివర్లు పచ్చి పుండ్లలా ఉన్నాయి. మిషను మీద వేలు పెట్టింది. కుయ్యిమంది. చీరకు తుడుచుకుని మళ్ళీ పెట్టింది. అద్దం మీద నెత్తురు మరక పడింది గానీ ముద్ర పడలేదు.

"ఓలమ్మో, ఇదేటి పనత్తా! నువ్వు లోనికెల్లు. నీకు మిషనక్కర్నేదు" అన్నాను.

ఆమె కదల్లేదు. "నానెల్లను. అందరూ ఏలెట్టి ఎల్లి, నానొక్కర్తినీ ఏలెట్టకండా ఎల్తే, రేపు డబ్బా పోతే ఎవలి మీదకొత్తాది కోడలమ్మా? మిషన్లో ఏలు పడనిదాన్ని నానొక్కర్తినే గదా."

ఆ ముక్క నాకు తట్టనే లేదు. దుఃఖమూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. సూపర్‌వైజర్‌కు ఫోన్ చేసి మిషను పీకించుకోమన్నాను. "అయితే మా మనిషి కూడా ఉండడు మేడమ్" అన్నాడు. మహారాజుగా తీసుకుపొమ్మన్నాను.

సాయంత్రం పక్క షెడ్డు యజమాని, నాకు వరసకు బావ, వచ్చి కూర్చున్నాడు. "ఒక్క మనిసి కోసం ఈదిలో అందరం అనుకున్న మాట తప్పేత్తావేటి? రేపు నీ గోడెక్కే మా షెడ్లోకి దూకుతారు" అన్నాడు. అతనన్నది తప్పు కాదు. మా గోడలు ఆనుకునే ఉన్నాయి. వాదించకుండా టీ ఇచ్చి పంపాను. ఇప్పటికీ రోజూ పొద్దున తాళం తీయగానే ముందు డబ్బాలు లెక్కపెట్టుకుంటాను.

అత్త మానకుండా వస్తోంది. చేతులు మానాయి. కానీ ఆమెకు ఒక కొత్త అలవాటైంది. సాయంత్రం ఆటో ఎక్కేముందు నా ఎదుట నిలబడి, కొంగు విప్పి, దులిపి చూపించి వెళ్తుంది. మా షెడ్డులో ఎవరూ ఎప్పుడూ చేయని పని. ఎన్నిసార్లు వద్దన్నా వినదు. మొన్న ఉండబట్టలేక ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"మిషను పీకించేసినాను గదత్తా, ఇంకా ఇదేటి?"

నా చెయ్యి మెల్లగా విడిపించుకుని కొంగు దులుపుకుంది.

"దులుపుకోనీ తల్లీ. రేపేదైనా పోయిందనుకో, నువ్వు నాయేపు సూసే సూపు నాను సూడనేను."