తలుపు మీది ఇనుప కడియం

బస్సులో నా పక్కన కూర్చున్న ముసలావిడ, ఇంగ్లండులోని తన ఊరి చర్చి ఫోటోలు ఫోన్‌లో చూపిస్తోంది. వందల ఏళ్ళ నాటి రాతి కమానులు, బొమ్మలు చెక్కిన బెంచీలు, ఓక్ తలుపుకి పెద్ద ఇనుప కడియం. ఇంతలో బస్సు ఆపి ఇద్దరు ఇమిగ్రేషన్ ఆఫీసర్లు ఎక్కి, ఒక్కొక్కరి పేపర్స్ అడగసాగారు. ఎక్కడ పోతుందోనన్న భయంతో నేను బయల్దేరేముందే పాస్‌పోర్టును సూట్‌కేసులో బట్టల మధ్య దాచి తాళం వేశాను. సూట్‌కేసేమో బస్సు అడుగున ఉంది.

“మ్యామ్, నా పేపర్స్ అన్నీ కింద లగేజ్‌లో ఉండిపోయాయి,” అన్నాను ముసలావిడతో.

ఆమె కడియం ఫోటోని పెద్దది చేసింది. “పూర్వం దీన్ని పట్టుకున్నవాళ్ళ జోలికి రాజు మనుషులు కూడా వచ్చేవాళ్ళు కాదు,” అని మెల్లగా చెప్పి, చెయ్యి చాపింది. “పట్టుకో.”

పట్టుకున్నాను. ఆఫీసర్ మా దగ్గర ఆగి, ఆమె తెల్లజుట్టునీ మా చేతులనీ చూసి, ఏమీ అడగకుండా ముందుకెళ్ళాడు.

వాళ్ళు దిగిపోయాక కూడా ఆమె నా చెయ్యి వదల్లేదు. నాకన్నా ఆమే ఎక్కువ వణుకుతోంది.