బెజ్జాల బాబాయీ, ఒక మొండి గోడా

బెజ్జాల బాబాయికి గోడ కనిపిస్తే చేతులు దురద పెడతాయి. ఎవరింటికి వెళ్లినా మనుషులకన్నా ముందు గోడను పలకరిస్తాడు. వేలి కణుపుతో టకటకా కొట్టి, చెవి ఆనించి, కళ్లు మూసుకుంటాడు.

"ఊఁ... గట్టి కాంక్రీటే. ఇంతకీ ఏం తగిలిస్తారు?"

ఏమీ తగిలించం అన్నవాళ్లు ఇంతవరకు నెగ్గలేదు.

వారమంతా తపాలా ఆఫీసులో ముద్రలు కొట్టి, ఆదివారం కాగానే డ్రిల్లు మిషను భుజాన వేసుకుంటాడు. తానుండే ఐదంతస్తుల భవనంలో ఆయన బెజ్జం పడని వాటా లేదు. కింది వాటావాళ్ల ఇంట్లో పదకొండు కొక్కేలున్నాయి, తగిలించడానికి గొడుగు ఒక్కటే ఉంది. ఆయన భార్య పిన్ని, ముప్పై ఏళ్లుగా బెజ్జం కింద కాగితం మడిచి పట్టుకుని పొడి రాలకుండా చూసే ఉద్యోగం చేస్తోంది. జీతం లేదు గానీ తుమ్ములకు లోటు లేదు.

ఎంత గట్టి గోడైనా ఆయనకు ఐదు నిమిషాల పని. అలాంటిది, పై వాటాలో ఒంటరిగా ఉండే పెద్దాయన గోడ గడియారానికి ఒక్క బెజ్జం వెయ్యడం ఆరు ఆదివారాలైనా తెమల్లేదు. ఈలోగా పిన్ని ముచ్చటపడి కొన్న వంటింటి అర నేల మీదే పడి ఉంది.

"ఆరు వారాలుగా ఒక్క బెజ్జమా?"

"మామూలు గోడ కాదే అది. ఉక్కు!"

"మరి నా అర?"

"అదెక్కడికి పోతుంది? వచ్చే ఆదివారం చూద్దాం."

ఏడో ఆదివారం కూడా పొడి పట్టడానికి పిలుపు రాకపోయేసరికి పిన్ని కింద నుంచే చెవులు రిక్కించింది. మిషను గోడలోకి దిగుతుంటే డగడగమనాలి. పైనుంచి కుయ్యిమని సన్నటి ఏడుపు వస్తోంది. ఒళ్లు మండి గబగబా మెట్లెక్కింది.

మిషను మీద సుత్తి బొమ్మ ఉన్న మీట ఒకటుంటుంది. అది తిప్పితేనే కాంక్రీటు పగులుతుంది. తిప్పకపోతే సాయంత్రం దాకా గోడను రాస్తూ కూర్చోవచ్చు. బాబాయి తిప్పలేదు. పెద్దాయన కుర్చీ దగ్గరికి లాక్కుని ఏవో పాత కబుర్లు చెబుతుంటే, ఊఁ కొడుతూ, మధ్యమధ్య ఒక కుయ్యి వదులుతున్నాడు.

పెద్దాయన టీ పెట్టడానికి లేవగానే పిన్ని అందుకుంది.

"మీట తిప్పలేదేం?"

"ష్! గడియారం గోడెక్కిందంటే ఇంక నన్నెందుకు పిలుస్తాడే? వారమంతా ఆయన్ని పలకరించేవాళ్లే లేరు. ఒకసారి ఊరికే వచ్చి చూశాను. మీకు పనులుంటాయి వెళ్లండి, వెళ్లండి అని మొహమాటంతో చచ్చిపోయాడు."

పిన్నికి మొగుడి మీద ఇంత ముద్దు వచ్చి చాలా ఏళ్లయింది.

బాబాయి మిషనుకు ఇంకో బిట్టు తెస్తానంటూ కిందికి వెళ్లాడు. పెద్దాయన టీ గ్లాసు చేతికిస్తూ గొంతు తగ్గించాడు.

"అమ్మా, ఆ మీట సంగతి ఎత్తకు."

"మీకు తెలుసా?"

"నలభై ఏళ్లు మేస్త్రీగా ఇలాంటి గోడలే కట్టాను. మొదటి ఆదివారమే చూశాను. తెలిసిపోయిందని తెలిస్తే సిగ్గుపడి రావడం మానేస్తాడమ్మా. ఆయన గోడకి చెవి ఆనించినప్పుడల్లా నవ్వు ఆపుకోలేక చస్తున్నాను."

బాబాయి బిట్టుతో తిరిగొచ్చాడు. "ఏమంటావే?"

పిన్ని వేలి కణుపుతో గోడను టకటకా కొట్టింది. చెవి ఆనించి, కళ్లు మూసుకుంది.

"లాభం లేదండీ. మహా మొండి గోడ. వచ్చే ఆదివారం నేనూ వస్తాను, పొడి పట్టడానికి."

పొడి రాలితే కదా అని ఎవరూ అనలేదు.

వంటింటి అర ఆ సాయంత్రమే గోడెక్కింది. పై వాటాలో గడియారం మాత్రం ఇప్పటికీ బల్ల మీదే ఉంది. టైము కరెక్టుగానే చూపిస్తోంది.